మానికెడు వెలుతురు

మిర్యాలగూడ రైస్‌మిల్లులో వడ్లు బియ్యమయ్యే దారి పొడుగునా చప్పుడే. ఎలివేటర్ల చప్పుడు, పొట్టు తీసే రబ్బరు రోళ్ల చప్పుడు, పాలిష్ పట్టే యంత్రాల చప్పుడు. ఆ దారి చివర, బస్తాలకెత్తే ముందు, నిలువెత్తు పెట్టె ఒకటి ఉంటుంది. మిల్లులో దాన్ని సార్టెక్స్ అంటారు. అది నిజానికి ఒక కంపెనీ పేరు. మన దగ్గర యంత్రానికీ, అందులోంచి వచ్చే బియ్యానికీ కూడా ఆ పేరే స్థిరపడిపోయింది. పైనుంచి బియ్యం వాలు రేకుల మీదుగా జారి పలచటి తెరలా కిందికి పడుతుంటాయి. ఆ తెరకు ముందూ వెనకా కెమెరాలు. నల్లగింజో, పచ్చగింజో, మట్టిబెడ్డో కనబడిందంటే చాలు, సన్నటి గొట్టంలోంచి గాలి ఒక్క ఊపున కొట్టి ఆ గింజను పక్కకు తోసేస్తుంది.

ఆ కెమెరా సంగతి చూడండి. అందులో పిక్సెళ్లు ఒకే వరుసలో ఉంటాయి, ఒకటి రెండు వేలకు మించి అక్కర్లేదు. పూర్తి బొమ్మ తీయదు. ఒక్క గీత తీస్తుంది, అదీ సెకనుకు వేలసార్లు. గింజ సెకనుకు 3 మీటర్ల వేగంతో పడుతోందనుకుంటే, సెకనులో పదివేలో వంతులో అది జరిగేది 0.3 మిల్లీమీటర్లే. పడుతున్న గింజ తనే ఆ గీతలను ఒకదాని కింద ఒకటి పేర్చి తన బొమ్మ తాను గీసుకుంటుంది. ఇంత తక్కువ వ్యవధికి వెలుతురు చాలదు కాబట్టి పెట్టె లోపలే జిగేల్మనే దీపాలు పెడతారు. ఆ యంత్రం తయారుచేసినవాళ్లు ముందుగా నాలుగు సంగతులు తేల్చుకున్నారు. బొమ్మ తీయాల్సిన వస్తువు ఎంత చిన్నది, ఎంత వేగంగా కదులుతుంది, దాని మీద వెలుతురు ఎంత, తీసిన బొమ్మతో చేసే పని ఏమిటి. కెమెరా ఎలా ఉండాలన్నది ఆ తర్వాత దానంతటదే తేలింది.

కోదాడలో ఉండే మా మేనల్లుడు కెమెరా కొనుక్కుంటానని వచ్చినప్పుడు వాణ్ని నేను ముందుగా తీసుకెళ్లింది ఈ యంత్రం దగ్గరికే. మూడేళ్లుగా పెళ్లిళ్లలో వేరేవాళ్ల కెమెరాతో, రోజు కూలికి క్యాండిడ్ ఫోటోలు తీస్తున్నాడు. సొంతానికి ఒకటి కావాలి. వాడి మొదటి ప్రశ్న: ‘‘మామా, నలభై అయిదు మెగాపిక్సెల్లది కొనాల్నా, ఇరవై నాలుగుది సరిపోతదా?’’

పెళ్లి ఫోటో చివరకు చేరేది ఆల్బమ్‌లోకి. మన దగ్గర కరిజ్మా ఆల్బమ్ విప్పితే రెండు పేజీలూ కలిసి 12 అంగుళాలు, 36 అంగుళాలు. అందులో ఒక్క పేజీ నిండా ఒకే ఫోటో వేశారనుకుందాం: 12 అంగుళాలు, 18 అంగుళాలు. చేతిలో పట్టుకుని చూసే అచ్చుకు అంగుళానికి 300 చుక్కలు ఉంటే కంటికి ఏ లోటూ తెలియదు. 12ను 300తోనూ, 18ని 300తోనూ హెచ్చిస్తే 3600, 5400. రెండూ హెచ్చిస్తే కోటీ 94 లక్షల పిక్సెళ్లు, అంటే 19.4 మెగాపిక్సెళ్లు. 24 మెగాపిక్సెళ్ల కెమెరా ఇచ్చేది 6000, 4000. కాస్త కత్తిరించుకోవడానికి కూడా చోటు మిగులుతుంది.

‘‘మరి ఫ్లెక్సీ?’’ అన్నాడు. సూర్యాపేట కొత్త బస్టాండు చుట్టూ చూసినా, కోదాడ సెంటర్లో చూసినా ఫ్లెక్సీలకు కొదవ లేదు గనక అడగాల్సిన ప్రశ్నే. మనిషి కన్ను విడదీసి చూడగలిగిన కనీస కోణం సుమారు డిగ్రీలో అరవయ్యో వంతు. పది అడుగుల దూరం నుంచి చూస్తే అది 0.9 మిల్లీమీటర్లకు సమానం. ఆ దూరం నుంచి అంగుళానికి ముప్పై చుక్కలు దాటితే కన్ను వాటిని విడదీయలేదు. 24 మెగాపిక్సెళ్ల ఫోటోను పది అడుగుల వెడల్పున ఫ్లెక్సీ కొట్టిస్తే అంగుళానికి 50 చుక్కలు వస్తాయి. అంటే అవసరానికి మించే ఉన్నాయి. ఎక్కువ మెగాపిక్సెళ్లు వద్దని నేననను. పెళ్లికూతురి చీర జరీ అంచును పెద్దగా కత్తిరించి చూపాలనుకునే వాళ్లకు, బట్టల దుకాణాల ప్రకటనలు తీసేవాళ్లకు అవి పనికొస్తాయి. కానీ 14 బిట్ల రా ఫైలు 24 మెగాపిక్సెళ్లదైతే కుదించకముందు 42 మెగాబైట్లు. 45ది అయితే అది దాదాపు రెట్టింపు. ఒక పెళ్లికి మూడు వేల ఫోటోలు తీసే మనిషి కార్డులూ, హార్డ్‌డిస్కులూ, కంప్యూటరూ అన్నీ ఆ లెక్కకే మార్చుకోవాల్సి వస్తుంది.

1975లో అమెరికాలో కొడాక్ ఇంజనీరు స్టీవెన్ సాసన్ తయారుచేసిన మొదటి డిజిటల్ కెమెరాలో ఉన్నవి 100 వరుసల్లో వంద చొప్పున పదివేల పిక్సెళ్లు. బరువు 3.6 కిలోలు. ఒక్క బొమ్మను క్యాసెట్ టేపు మీదికి ఎక్కించడానికి 23 సెకన్లు పట్టేది. పదివేల నుంచి కోట్లకు చేరిన ఆ ప్రయాణంలో పిక్సెళ్లను లెక్కపెట్టడం మనకు అలవాటైపోయింది. అవి సరిపడా సమకూరి చాలాకాలమైనా లెక్కపెట్టడం మాత్రం మానలేదు.

కొలవాల్సింది వెలుతురు.

మా అమ్మమ్మ ఇంట్లో వడ్లూ బియ్యమూ కొలిచే పాత్రలు ఉండేవి. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. ఇప్పుడు కెమెరా బాడీ లోపల, లెన్స్ వెనక ఉండి వెలుతురు పట్టే సెన్సర్ల కొలతలు చూడండి. ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 ఎత్తు. వైశాల్యం 864 చదరపు మిల్లీమీటర్లు. ఏపీఎస్-సీ అనే రకం 23.5, 15.6, వైశాల్యం 367. మైక్రో ఫోర్ థర్డ్స్ అనేది 17.3, 13, వైశాల్యం 225. మంచి ఫోన్లలో ప్రధాన కెమెరా సెన్సర్ 50 దరిదాపుల్లో ఉంటుంది. ఫుల్‌ఫ్రేమ్ మానిక అనుకుంటే ఏపీఎస్-సీ తవ్వకు కొంచెం తక్కువ, మైక్రో ఫోర్ థర్డ్స్ దాదాపు కచ్చితంగా సోల, ఫోను గిద్ద. ఎవరూ అనుకుని చేసింది కాదుగానీ మన పాత కొలతలు ఈ కొత్త వస్తువులకు ఇంత చక్కగా అతుకుతాయని తెలిసిన రోజు నాకు చాలా సంతోషమైంది.

ఇక్కడ పాత్ర లోతు కాదు, నోటి వెడల్పు ముఖ్యం. వెలుతురు ఫోటాన్లనే చినుకులుగా కురుస్తుంది. సన్నటి తుంపర పడుతున్నప్పుడు ఆకిట్లో ఒక వెడల్పాటి పాత్ర, ఒక ఇరుకు పాత్ర పెట్టండి. క్షణంసేపు ఉంచి తీసేస్తే ఇరుకు పాత్రలో ఒకసారి ఏడు చినుకులు, ఇంకోసారి పన్నెండు, మరోసారి తొమ్మిది. వాన అదే, లెక్కే నిలకడగా ఉండదు. వెడల్పాటి దాంట్లో ఆ ఊగిసలాట అంత కనిపించదు. ప్రకృతి ఇక్కడ ఒక నియమం పెట్టింది: సగటున పడే చినుకులు ఎన్నో, వాటి వర్గమూలమంత ఊగిసలాట ఉంటుంది. 100 పడేచోట పది అటూ ఇటూ, అంటే నూటికి పది. 10,000 పడేచోట వంద అటూ ఇటూ, అంటే నూటికి ఒకటే. రాత్రి తీసిన ఫోటోలో నల్లటి నీడల మీద రవ్వ చల్లినట్టు కనిపించే గరుకుదనం చాలావరకు ఇదే. చాలామంది దాన్ని కెమెరా లోపం అనుకుంటారు. అది వెలుతురు స్వభావం. సోలకు బదులు మానిక పెడితే నాలుగింతల చినుకులు పడి, గరుకుదనం సగానికి తగ్గుతుంది.

ఐఎస్‌ఓ పెంచితే కెమెరా చీకట్లో ఎక్కువ వెలుతురు పట్టుకుంటుందన్నది కూడా అపోహే. పడిన చినుకులు ఎన్నో అన్నే. ఐఎస్‌ఓ పెంచడమంటే మైకు సౌండు పెంచడం లాంటిది. పాటతోపాటు గరగర కూడా పెరుగుతుంది.

ఇంతవరకు విని వాడు ‘‘అయితే ఫుల్‌ఫ్రేమే కొంటా’’ అన్నాడు. చేతిలో ఉన్న పైసలన్నీ దానికే పోతాయి. లెన్స్‌కు మిగలవు. అక్కడే అసలు లెక్క ఉంది. బాడీ పాత్ర అయితే ఎంత వాన కురవాలో నిర్ణయించేది లెన్స్. కెమెరాతోపాటు ఇచ్చే మామూలు జూమ్ లెన్స్‌ను ముఖాల దగ్గరికి లాగితే దాని ద్వారం ఎఫ్ 5.6 దగ్గర ఆగుతుంది. అన్ని కంపెనీలూ చవగ్గా అమ్మే 50 మిల్లీమీటర్ల లెన్స్ ఎఫ్ 1.8 దాకా తెరుచుకుంటుంది; ఈ అంకె తగ్గేకొద్దీ ద్వారం పెద్దది. 5.6ను 1.8తో భాగించి వర్గం చేస్తే 9.7. అంటే దాదాపు పదింతల వాన. తవ్వ తీసేసి మానిక పెట్టడం వల్ల వచ్చేది రెండింతల కంటే కొంచెం ఎక్కువ. అతి ఖరీదైన ఫుల్‌ఫ్రేమ్ బాడీకి ఎఫ్ 5.6 లెన్స్ బిగించినవాడి కంటే, పాత ఏపీఎస్-సీ బాడీకి ఎఫ్ 1.8 బిగించినవాడు చీకట్లో నాలుగింతల వెలుతురు పోగుచేస్తాడు. రాత్రి ముహూర్తాలు తీసే ఊరి ఫోటోగ్రాఫర్లకు ఈ ఒక్క గుణకారం ఎవరైనా ముందే చేసి చూపించి ఉంటే ఎన్ని అప్పులు తప్పేవో అని నాకు బాధేస్తుంది.

పెళ్లి మండపం ఇంకో రకం చిక్కు తెచ్చిపెడుతుంది. మన కరెంటు సెకనుకు 50 చుట్లు తిరుగుతుంది. ఒక్కో చుట్టులో రెండుసార్లు శిఖరం తాకుతుంది గనక చవక ఎల్‌ఈడీ బల్బులు సెకనుకు 100 సార్లు మిణుకుమంటాయి. కంటికి తెలియదు. కెమెరాకు తెలుస్తుంది, అదీ ఫోటో తీసే తీరును బట్టి. సాగర్ ఎడమ కాలువ నీళ్లు వదిలినప్పుడు పొలం మొత్తం ఒక్కసారి తడవదు కదా. ఒక మడి తడిసి, గట్టు తెంపితే పక్క మడి, ఆ తర్వాత ఇంకోటి. చాలా కెమెరాల్లో చప్పుడు చేయని ఎలక్ట్రానిక్ షట్టర్ ఇలాగే పనిచేస్తుంది. పై వరుస పిక్సెళ్లను ముందు చదివి, వరుసగా కిందికి వస్తుంది. మొత్తం చదవడానికి సెకనులో ఇరవయ్యో వంతు పడితే ఆలోపు బల్బులు అయిదుసార్లు మిణుకుతాయి. పెళ్లికొడుకు తెల్ల ధోవతి మీద అయిదు నల్లచారలు. మెకానికల్ షట్టర్ తెర అదే దూరాన్ని సెకనులో రెండొందల యాభయ్యో వంతు దరిదాపుల్లో దాటేస్తుంది కాబట్టి చారలు కట్టే వ్యవధి ఉండదు. అన్ని పిక్సెళ్లూ ఒకే క్షణంలో చదివే గ్లోబల్ షట్టర్‌ను 2023 చివర్లో సోనీ తన ఏ9 మూడో తరం కెమెరాలో పెట్టింది, కానీ ఆ ధర మన పెళ్లిళ్ల లెక్కకు అందదు. అందుకని మండపంలో పనిచేసే బాడీకి మెకానికల్ షట్టర్ ఉండాలి. షట్టర్ వేగం సెకనులో నూరో వంతుకో, యాభయ్యో వంతుకో పెడితే బల్బు మిణుకు పూర్తి చుట్టు లోపల పడి, ఫోటో ఫోటోకీ వెలుతురు మారకుండా ఉంటుంది. స్టేజీ వెనక పెట్టే ఎల్‌ఈడీ గోడ మిణుకు లెక్క వేరు. దానికి అక్కడికక్కడ రెండుమూడు వేగాలు మార్చి చూసుకోవడమే మార్గం.

పెళ్లికి బాడీ ఎంచేటప్పుడు నేను అన్నిటికంటే ముందు చూసేది రెండు కార్డుల గూళ్లు. ప్రతి ఫోటో ఒకేసారి రెండు కార్డుల మీదికీ ఎక్కాలి. కొన్నేళ్ల కిందట సూర్యాపేట దగ్గర ఒక పెళ్లిలో నేను తీసిన జీలకర్ర బెల్లం ఫోటోలన్నీ ఒక్క కార్డు చెడిపోయి పోయాయి. ఆ పెళ్లికూతురి తండ్రి నన్ను ఒక్క మాట అనలేదు. ఆయన మొహం మాత్రం ఇప్పటికీ గుర్తే. జీలకర్ర బెల్లం రెండోసారి పెట్టించలేం.

ఫోకస్ సంగతి కూడా పెళ్లి దగ్గరే చెప్పాలి. పాత డీఎస్‌ఎల్‌ఆర్‌లో అద్దం ఉంటుంది. లెన్స్‌లోంచి వచ్చిన వెలుతురును అది పైకి, మన కంటికి పంపుతుంది; కొంత కిందికి, ఫోకస్ చూసే విడి పరికరానికి. ఆ పరికరం చూపు ఎక్కువగా ఫ్రేము మధ్యభాగానికే పరిమితం. అద్దం తీసేసిన మిర్రర్‌లెస్ కెమెరాల్లో సెన్సరే ఫోకస్ కూడా చూసుకుంటుంది కాబట్టి ఫ్రేములో ఏ మూలనున్నా కంటిపాపను వెతికి పట్టుకుంటుంది. తలంబ్రాల సందడిలో ఇది చాలా పెద్ద సాయం. మరోవైపు డీఎస్‌ఎల్‌ఆర్ కన్నంలోంచి చూడడానికి బ్యాటరీ అక్కర్లేదు, మిర్రర్‌లెస్‌లో చూసినంతసేపూ ఖర్చే. తెల్లవారుజాము ముహూర్తానికి వెళ్లేవాళ్లు మూడు బ్యాటరీలైనా జేబులో వేసుకోవాలి.

ఇప్పుడు పిల్లలమర్రి పోదాం. సూర్యాపేట పక్కనే. రేచర్ల రెడ్లు కాకతీయుల కాలంలో కట్టించిన శివాలయాలు. నామేశ్వరాలయం 1202 నాటిది, ఎరకేశ్వరాలయం 1208 నాటిది. లోపలి నల్లరాతి స్తంభాలను అద్దంలా నునుపుచేసి, వాటి మీద గోటితో గీసినట్టు సన్నటి పని చెక్కారు. వెలుతురు వచ్చేది ద్వారంలోంచే. ఇంత చీకటి కాబట్టి పెద్ద సెన్సర్ కావాలనిపిస్తుంది, కానీ స్తంభం కదలదు. పూజారిగారి అనుమతి తీసుకుని ట్రైపాడ్ పెట్టుకుంటే, సెకనులో యాభయ్యో వంతుకు బదులు రెండు సెకన్లు షట్టర్ తెరిచి ఉంచవచ్చు. వందింతల వెలుతురు. ఇరుకు పాత్రనైనా చాలాసేపు వానలో ఉంచితే నిండుతుంది కదా. పదిహేనేళ్ల నాటి 12 మెగాపిక్సెళ్ల బాడీతో అక్కడ నేను తీసిన స్తంభం ఫోటోలో ఉలి ఎటునుంచి ఎటు నడిచిందో కనిపిస్తుంది. కదలని వస్తువుకు కాలమే లెన్సూ, సెన్సరూ. హైదరాబాద్ ఆరవ నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ కట్టడాలను పెద్ద గాజు పలకల మీద, స్టాండు మీద బిగించిన కెమెరాతో, ఇలా ఓపికగా కాలం పోసే తీశాడు.

పిల్లలమర్రిలో కష్టపెట్టేది వేరే ఉంది. గర్భగుడి వైపు చీకటి, వెనక్కి తిరిగితే ద్వారం బయట మండుటెండ. ఒకే ఫోటోలో రెండూ రావాలంటే సెన్సర్ నిండి పొర్లకుండా ఎంత పట్టుకుంటుంది, అడుగున ఎంత తక్కువను గుర్తిస్తుంది అన్నది చూడాలి. దీన్నే డైనమిక్ రేంజ్ అంటారు. ఈ విషయంలో కొత్త పెద్ద సెన్సర్లది పైచేయి, అది ఒప్పుకోవాల్సిందే. అయినా ట్రైపాడ్ మీద ఎండకొకటి, నీడకొకటి, మధ్యస్థంగా ఒకటి తీసి కలుపుకుంటే పాత బాడీతోనూ పని జరుగుతుంది. ట్రైపాడ్ పెట్టనివ్వని చోట బాడీలోనే సెన్సర్‌ను కదిలించి చేతి వణుకును సరిచేసే ఏర్పాటు అక్కరకొస్తుంది. అది రాతిని కాపాడుతుంది, మనుషులను కాపాడదు. నడుస్తున్న మనిషి నడుస్తూనే ఉంటాడు.

మనుషులంటే పెద్దగట్టు. దురాజ్‌పల్లి గుట్ట మీద రెండేళ్లకోసారి జరిగే లింగమంతుల స్వామి జాతర, తెలంగాణలో మేడారం తర్వాత అంత పెద్దదని చెప్పుకునే జాతర. రాత్రిపూట భేరీల మోత, ‘ఓ లింగా’ అంటూ కేకలు, దుమ్ములో ట్యూబులైట్లు, గంపలెత్తుకుని గుట్టెక్కే ఆడవాళ్లు. ట్రైపాడ్ పెట్టడానికి అడుగు నేల దొరకదు. సెకనులో యాభయ్యో వంతు పెడితే నాట్యం చేసే కాలు పొగలా కరిగిపోతుంది. కనీసం రెండొందల యాభయ్యో వంతు కావాలి. ఇక్కడ కాలం మన చేతిలో లేదు గనక మిగిలినవి రెండే, లెన్స్ ద్వారమూ సెన్సర్ వైశాల్యమూ. పెద్ద సెన్సర్ తన ఖరీదుకు న్యాయం చేసే చోటు ఇదేనని నా నమ్మకం. కానీ నేను అక్కడికి తీసుకెళ్లేది మాత్రం చిన్న బాడీ, 35 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 లెన్స్. రెండు కిలోల కెమెరా మెడలో వేలాడుతుంటే ఎదుటివాళ్లు బిగుసుకుపోతారు, మనమూ అర్ధరాత్రికి అలసిపోతాం. చేతిలో ఇమిడేది అయితే తెల్లారేదాకా జనంలో జనంగా తిరగొచ్చు. అలసిపోయిన చేతుల లెక్క ఏ సెన్సర్ పట్టికలోనూ ఉండదు.

కాలువ గట్టు మీది పక్షులకు వచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. నాట్లకు దమ్ము చేసేటప్పుడు మిర్యాలగూడ చుట్టూ పొలాల్లో కొంగలు ట్రాక్టరు వెనకే నడుస్తాయి. తీగమీద కూర్చున్న లకుముకి పిట్ట రాయిలా నీళ్లలోకి దూకుతుంది. మన దగ్గర 300 మిల్లీమీటర్ల లెన్స్ ఉందనుకోండి. అది పిట్ట బొమ్మను సెన్సర్ మీద ఎంత పరిమాణంలో వేస్తుందో, వెనక ఏ బాడీ ఉన్నా అంతే వేస్తుంది. ఆ బొమ్మ మీద ఎన్ని పిక్సెళ్లు పడ్డాయన్నదే ప్రశ్న. 24 మెగాపిక్సెళ్ల ఫుల్‌ఫ్రేమ్‌లో పిట్ట చుట్టూ ఏపీఎస్-సీ అంత భాగం కత్తిరిస్తే మిగిలేది 10.2 మెగాపిక్సెళ్లే. 24 మెగాపిక్సెళ్ల ఏపీఎస్-సీ అయితే ఆ భాగమంతటికీ 24 ఉన్నాయి. చవకది ఖరీదైనదాన్ని ఓడించే చోటు ఇది. పొద్దున పది గంటల ఎండలో వెలుతురుకు కొరత లేదు కాబట్టి చిన్న పాత్ర వల్ల నష్టమూ లేదు. పక్షుల మీద మనసున్న స్కూలు పంతుళ్లు చాలామంది ఫుల్‌ఫ్రేమ్ కొనలేకపోతున్నామని దిగులుపడతారు. వాళ్లకు కావాల్సింది పొడుగు లెన్స్, సెకనుకు పది ఫోటోలైనా తీసే ఏపీఎస్-సీ బాడీ.

మిల్లులో ఫోటోలు తీసేవాళ్లకు దుమ్ము, వేడి అసలు శత్రువులు. ఊక దుమ్ము గాలిలో తేలుతూ ఉంటుంది. అక్కడ లెన్స్ మార్చడమంటే సెన్సర్ మీద పిడికెడు చల్లుకోవడమే. కీళ్ల దగ్గర రబ్బరు అంచులున్న బాడీ కొంత కాపాడుతుంది, బయటే లెన్స్ బిగించుకుని లోపలికి వెళ్లడం ఇంకా బాగా కాపాడుతుంది. చాలా కెమెరాల పుస్తకాల్లో పనిచేసే ఉష్ణోగ్రత 0 నుంచి 40 డిగ్రీలని రాసి ఉంటుంది. మే నెలలో మన దగ్గర నీడలోనే 45 తాకే రోజులుంటాయి. ఎండలో నల్లటి బాడీ ఇంకా కాలుతుంది. వీడియో తీస్తుంటే సెన్సర్ ఆగకుండా పనిచేసి తన వేడి తానూ కలుపుతుంది. గాలి ఆడే ఫ్యాన్ ఉన్న వీడియో బాడీలు ఇందుకే పుట్టాయి. లేనివాళ్లు తెల్ల తువ్వాలు కప్పి, షాటుకూ షాటుకూ మధ్య ఆపేస్తుండాలి. శ్రావణంలో ఇంకో బాధ, లెన్సులో బూజు. గాలి చొరని స్టీలు డబ్బాలో సిలికాజెల్ పొట్లాలు వేసి అందులో పెట్టుకుంటే చాలు.

కొనేముందు చివరిగా చూడాల్సింది బాడీ మూతి, అంటే లెన్స్ బిగించే మౌంట్. నికాన్ పాత ఎఫ్ మౌంట్‌లో లెన్స్ అంచుకూ సెన్సర్‌కూ మధ్య దూరం 46.5 మిల్లీమీటర్లు, అద్దం ఊగడానికి చోటు కావాలి గనక. కొత్త జెడ్ మౌంట్‌లో 16. కెనాన్‌లో 44 నుంచి 20కి వచ్చింది. అందువల్ల పాత లెన్సులను మధ్యలో గొట్టం పెట్టి కొత్త బాడీలకు వాడుకోవచ్చు, కొత్త లెన్సులను పాత బాడీలకు వాడలేం. మంచి లెన్స్ ఇరవై ఏళ్లు ఉంటుంది. బాడీ అయిదారేళ్లకు మారుతుంది. అందరూ మిర్రర్‌లెస్‌కు మారుతున్న ఈ రోజుల్లో స్టూడియోలవాళ్లు వదిలేస్తున్న డీఎస్‌ఎల్‌ఆర్‌లు సగం ధరకంటే తక్కువకు దొరుకుతున్నాయి. షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో లెక్క చూసి, సెన్సర్ మీద మచ్చలున్నాయేమో తెల్లగోడను ఫోటో తీసి చూసుకుని కొంటే, నేర్చుకునేవాళ్లకు ఇంతకంటే మంచి కాలం రాలేదు.

మా వాడు అయిదారు నెలలు ఆగాడు. చివరకు రెండు కార్డుల గూళ్లున్న పాత ఏపీఎస్-సీ డీఎస్‌ఎల్‌ఆర్ ఒకటి, 50 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 లెన్స్, ఒక ఫ్లాష్ కొన్నాడు. మిగిలిన పైసలు వాళ్లమ్మ చేతికిచ్చాడు.

మొన్న కోదాడలో ఒక రాత్రి పెళ్లిలో తీసిన తలంబ్రాల ఫోటో తెచ్చి చూపించాడు. దోసిట్లోంచి వదిలిన బియ్యం సెకనుకు 3 మీటర్ల వేగంతో పడుతుంటే, సెకనులో రెండొందలో వంతులో 15 మిల్లీమీటర్లు జారి తెల్లటి గీతలుగా కనబడాలి. వాడు ఫ్లాష్ శక్తిని బాగా తగ్గించి పెట్టాడు. శక్తి తగ్గేకొద్దీ ఫ్లాష్ వెలిగే వ్యవధి కుదించుకుపోయి సెకనులో కొన్ని వేలో వంతుకు వస్తుంది. షట్టర్ తెరిచి ఉన్న మిగతా సమయమంతా మండపం మసకగానే ఉంటుంది కాబట్టి గింజను పట్టేది ఆ మెరుపే. ‘‘మామా, మిల్లుల చూసిందే గద’’ అన్నాడు. పెళ్లికొడుకు తలకూ పెళ్లికూతురి చేతులకూ మధ్య పసుపు అద్దిన బియ్యం గాలిలో ఆగి ఉన్నాయి, దేనికది విడిగా, కొసలు విరిగిన నూకలతో సహా.